అమ్మానాన్నలతో స్పెయిన్ సముద్రతీరం: ఒక వారానికి ఎక్కడ దిగితే బాగుంటుంది?

లియఫీ_గోదారి | జనవరి 18
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉండేది డబ్లిన్‌లో. ఏప్రిల్ 8న అమ్మా నాన్నా హైదరాబాద్ నుంచి ఇక్కడికి వస్తున్నారు, మూడు నెలల లోపే ఉంటారు. పాపకి 5 ఏళ్ళు, దాని బడి జూన్ ఆఖర్లో మూసేస్తారు. అవగానే జూన్ 27 నుంచి జూలై 4 దాకా ఒక వారం అందరం కలిసి స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఉందామని ఆశ. ఇక్కడ వానలు, చలిగాలి చూసి చూసి ఒంటికి ఎండ తగలాలని ఉంది.

మా సంగతులు చెప్తాను, దాన్నిబట్టి సలహా ఇవ్వండి. నాన్నకి 68, మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే గంటసేపు హాయిగా నడుస్తారు, మెట్లు మాత్రం ఎక్కలేరు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చేపలు బాగా తింటారు. పాపకి ఇసుక, నీళ్ళు ఉంటే చాలు. కారు అద్దెకి తీసుకోవాలని లేదు, కుడివైపు నడపడం నాకు అలవాటు లేదు. మాలగా చుట్టుపక్కల ఉండే కోస్తా దెల్ సోల్ అనుకుంటున్నాం, ఇంకా ఏదీ బుక్ చేయలేదు. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి ఊరూ బాగున్నట్టే ఉంది, అందుకే అడుగుతున్నా.

ఓరుగల్లు_బిడ్డ | జనవరి 18
అన్నా, మేము స్టుట్‌గార్ట్ నుంచి రెండుసార్లు పోయినం, రెండుసార్లూ అలికాంతే వైపే. నా మాట వింటే కోస్తా బ్లాంకా చూడు. ఇసుక సన్నగా, లేత బంగారం రంగులో ఉంటది. మాలగా వైపు ఇసుక నల్లగా, గరుకుగా ఉంటది, కొన్ని చోట్ల గులకరాళ్ళే. నీళ్ళు కూడా జూన్ ఆఖరికి అలికాంతేలో వెచ్చబడతయి, పిల్లలు బయటికి రారు. బెనిదోర్మ్‌లో పెద్ద పెద్ద బిల్డింగులు చూసి చాలామంది వద్దంటరు కానీ ఆ బీచ్ మాత్రం నిజంగా మంచిగుంటది, ఒడ్డు పొడుగునా చదునైన బాట ఉంది, నాన్నగారికి ఇబ్బంది ఉండదు. అలికాంతే ఊళ్ళో నుంచి అక్కడికి ట్రామ్ కూడా ఉంది.

వాల్తేరు_అల | జనవరి 19
నేను మాలగాలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, మాది భీమిలి. ఓరుగల్లు గారు ఇసుక గురించీ నీళ్ళ గురించీ చెప్పింది నిజమే, అందులో వాదన లేదు. మాలగా దగ్గర సముద్రం చల్లగా ఉండటానికి కారణం ఉంది. జిబ్రాల్టర్ జలసంధి దగ్గరే కాబట్టి అట్లాంటిక్ నీళ్ళు నేరుగా ఇటు వస్తాయి. జూన్ ఆఖర్లో 20, 21 డిగ్రీలుంటే మంచి రోజు కిందే లెక్క. మన విశాఖలో ఆ నెలలో 28 పైనే ఉంటుంది, అక్కడ మునిగినవాళ్ళకి ఇది మొదటి నిమిషం వణికిస్తుంది. ఇంకో విషయం, తెర్రాల్ అని ఒక గాలి ఉంది, నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. అది వచ్చిన రోజు మాలగాలో గాలి మన రెంటచింతల వడగాలిలా ఉంటుంది, ఒక్కోసారి 40 దాటుతుంది. సముద్రం మాత్రం అదే రోజు ఇంకా చల్లబడుతుంది, ఎందుకంటే పైనున్న వెచ్చటి నీళ్ళని ఆ గాలి లోపలికి నెట్టేస్తే అడుగునుంచి చల్లనివి పైకి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు, మా పక్కింటి ముసలాయన ఇసుకలో వేలితో గీసి చూపించాడు.

అయినా మీ ఇంటి పరిస్థితికి నేను కోస్తా దెల్ సోల్‌కే ఓటేస్తా, దానికి కారణం రైలు. సి-1 అనే లోకల్ రైలు మాలగా ఊరి మధ్యలో బయల్దేరి, ఎయిర్‌పోర్ట్ మీదుగా తొర్రెమొలినోస్, బెనల్మాదెనా దాటి ఫ్వెన్హిరోలాలో ఆగిపోతుంది. దాదాపు ఇరవై నిమిషాలకొకటి. విమానం దిగి, సామాను తీసుకుని, రోడ్డు దాటితే స్టేషన్. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్వెన్హిరోలా అరగంట మీద కొంచెం. అలికాంతే ఎయిర్‌పోర్ట్‌కి రైలు లేదు, బస్సు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి, అక్కడ ట్రామ్ ఎక్కాలి. పెద్దవాళ్ళు, చిన్నపిల్ల, నాలుగు సూట్‌కేసులు ఉన్నప్పుడు ఇది చిన్న తేడా కాదండీ.

ఫ్వెన్హిరోలా కంటే ఒక స్టేషన్ ముందు లోస్ బొలిచెస్ అని ఉంది. అక్కడ దిగితే మూడు నాలుగు నిమిషాల నడకలో సముద్రం. ఒడ్డు వెంట కిలోమీటర్ల కొద్దీ చదునైన కాలిబాట, మధ్యమధ్య బెంచీలు. మీ నాన్నగారి కోసం నేనైతే అక్కడే చూస్తా.

స్వాతిచినుకు | జనవరి 19
లియఫీ గారూ, వాల్తేరు గారు చెప్పిన దానికి నా అనుభవం కలుపుతున్నాను, ఇది చదవకుండా ఏదీ బుక్ చేయొద్దు ప్లీజ్. మేము లీడ్స్ నుంచి మా అత్తగారు మామగారితో వెళ్ళాం, బెనల్మాదెనా అని చూసి ఫ్లాట్ తీసుకున్నాం. ఫోటోల్లో బాల్కనీ నుంచి సముద్రం నిండుగా కనిపిస్తోంది. "సముద్రానికి 900 మీటర్లు" అని రాశారు. దిగాక తెలిసింది, ఆ 900 మీటర్లు కొండ దిగడమే. బెనల్మాదెనా అంటే ఒక ఊరు కాదండీ, మూడు. కొండమీద పాత ఊరు (పుయెబ్లో), మధ్యలో రైలు స్టేషన్ ఉండే ఆరోయో దె లా మియెల్, కింద సముద్రం ఒడ్డున కోస్తా. మాది మధ్యలోదానికీ కిందదానికీ నడుమ ఉంది. కిందకి దిగడం ఎలాగోలా అయ్యేది, ఎండలో తిరిగి పైకి ఎక్కడం మామయ్యగారి వల్ల కాలేదు. మొదటి రోజు ఒక గోడ మీద కూర్చుని "మీరు వెళ్ళండమ్మా, నేను నెమ్మదిగా వస్తా" అన్నారు, మాకు గొంతు దిగలేదు. తర్వాత రోజూ టాక్సీలే. రెండు రోజులు ఆయన బాల్కనీలోనే ఉండిపోయారు. అంత ఖర్చుపెట్టి తీసుకెళ్ళి ఆయన్ని బాల్కనీలో కూర్చోబెట్టామని నాకు ఇప్పటికీ బాధే.

అందుకే ఒకటే మాట. మ్యాప్‌లో దూరం చూడకండి, ఎత్తు చూడండి. వీధి ఫోటోలు తెరిచి ఇంటి గుమ్మం నుంచి ఇసుక దాకా వేలితో నడుచుకుంటూ వెళ్ళండి, ఎక్కడ మెట్లొస్తే అక్కడ ఆ ఇల్లు వదిలేయండి. మీహాస్ కూడా అంతే, మీహాస్ పుయెబ్లో కొండమీద ఉంటుంది, మీహాస్ కోస్తా కింద. తొర్రెమొలినోస్‌లో ఊరి నడిబొడ్డు గట్టు మీద ఉంటుంది, బీచ్ దాని కింద. అక్కడైతే లా కరిహుయెలా వైపు చూడండి, పాత జాలరిపేట, అది ఒడ్డుకి సమానంగానే ఉంటుంది.

లియఫీ_గోదారి | జనవరి 20
స్వాతి గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. మేము దాదాపు ఖాయం చేసుకున్నది నెర్హాలో! తెల్లటి ఇళ్ళు, కొండ అంచున ఆ బాల్కనీ, కింద నీలం నీళ్ళు, ఆ ఫోటోలు చూసి మనసు పడిపోయింది. నెర్హా మా వాళ్ళకి కష్టమంటారా?

వాల్తేరు_అల | జనవరి 20
నెర్హా అంటే నాకు ప్రాణం, అందుకే ఉన్నదున్నట్టు చెప్తా. మొత్తం కోస్తా దెల్ సోల్‌లో అంత అందమైన ఊరు ఇంకోటి లేదు. కానీ ఊరంతా గట్టు మీద ఉంటుంది. మీరు చెప్పే బాల్కన్ దె యూరోపా కింద ఉండే బీచ్‌లకి మెట్లు దిగాలి. బురియానా అని పెద్ద బీచ్ ఉంది, దానికి మెట్లు తప్పించుకుని రోడ్డు మీదుగా వెళ్ళినా ఏటవాలు బాగా ఎక్కువ. రైలు లేదు, మాలగా బస్ స్టేషన్ నుంచి బస్సులో గంట పైనే. ఆ బస్ స్టేషన్ మాత్రం మరియా సంబ్రానో రైల్వే స్టేషన్ పక్కనే ఉంది కాబట్టి మారడం తేలిక.

గుహలు కూడా ఫోటోల్లో చూసే ఉంటారు. 1959లో ఐదుగురు కుర్రాళ్ళు గబ్బిలాల కోసం వెళ్ళి కనిపెట్టిన గుహలవి, మన బొర్రా గుహలు చూసినవాళ్ళకి బాగా నచ్చుతాయి. లోపల వందల మెట్లు. నాన్నగారికి వద్దు.

నా సలహా ఏంటంటే ఉండేది లోస్ బొలిచెస్‌లో, నెర్హాకి ఒక పూట వెళ్ళి బాల్కనీ మీద కూర్చుని రండి. ఆ చప్టా చదునుగానే ఉంటుంది. చూడటానికి నెర్హా, బతకడానికి ఫ్వెన్హిరోలా.

ఓరుగల్లు_బిడ్డ | జనవరి 20
ఇది ఒప్పుకుంటా. పెద్దోళ్ళు లేకపోతే నేను అలికాంతేనే అంటా, ఉన్నప్పుడు రైలు మాట కరెక్టే. ఒక్కటి అడుగుతా అన్నా, అంత దూరం పోయి గ్రనాదాలో అల్‌హంబ్రా కోట చూడకుండా వస్తరా? మేము అలికాంతే నుంచి పోయినం, ఐదు గంటలు పట్టినా ఆ గోడల మీద చెక్కుడు చూస్తే అలసట గుర్తుకు రాలె. మాలగా నుంచి బస్సుల రెండు గంటల లోపే.

గుంటూరు_ఘాటు | జనవరి 21
బీచ్ సంగతి తర్వాత, ముందు వీసా చూసుకోండి బ్రదర్. నేను కార్క్‌లో ఉంటా, పోయినేడాది నేను చేసిన తప్పు మీరు చేయొద్దని రాస్తున్నా. ఐర్లండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో) లేదు. మీ ఇండియన్ పాస్‌పోర్ట్‌లకి స్పెయిన్ వీసా కావాలి, మీరూ మీ ఆవిడా పాపా డబ్లిన్‌లో నివాసం కాబట్టి అక్కడే అప్లై చేయొచ్చు. అమ్మానాన్నలు ఐర్లండ్‌కి చుట్టపు చూపుగా వస్తున్నవాళ్ళు, వాళ్ళు ఇండియాలోనే, బయల్దేరకముందే షెంగెన్ తీసుకోవాలి. ఇక్కడికి వచ్చాక చూద్దాం అనుకుంటే కుదరదు.

రెండోది, దీన్ని చాలామంది మరిచిపోతారు. వాళ్ళ ఐరిష్ వీసా సింగిల్ ఎంట్రీనా, మల్టిపులా? సింగిల్ అయితే డబ్లిన్ నుంచి స్పెయిన్ వెళ్ళిన క్షణం ఐరిష్ వీసా అయిపోయినట్టే, తిరిగి డబ్లిన్ రానివ్వరు. నేను మా నాన్నకి టికెట్లు కొన్నాక ఆ ముక్క గమనించాను. ఆయన్ని ఇంట్లో వదిలి మేము వెళ్ళలేక మొత్తం ట్రిప్ మానుకున్నాం, టికెట్ డబ్బులు పోయాయి. పాస్‌పోర్ట్ తెరిచి స్టిక్కర్ మీద ఎంట్రీల దగ్గర ఏం రాసుందో ఈ రోజే చూడమనండి.

ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45, ఆరు నిండని పిల్లలకి లేదు, కాబట్టి మీ పాపకి సున్నా. వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి, అమ్మానాన్నల వయసుకి అది కొనేటప్పుడు పాత జబ్బుల సంగతి చదివి కొనండి.

లియఫీ_గోదారి | జనవరి 21
గుంటూరు గారూ మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నాన్నకి వీడియో కాల్ చేసి పాస్‌పోర్ట్ తెరిపించా. అద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివారు. సింగిల్. ఇద్దరిదీ సింగిలే. చేతులు ఆడలేదు నాకు.

రాత్రంతా ఆలోచించి ఒక దారి అనుకుంటున్నాం, తప్పుంటే చెప్పండి. వాళ్ళ తిరుగు టికెట్ ఎలాగూ జూలై 5న డబ్లిన్ నుంచి ఉంది. దాన్ని మార్చి, జూలై 4న మాలగా నుంచే హైదరాబాద్ పంపిస్తే? అప్పుడు డబ్లిన్ తిరిగి రావాల్సిన పనే లేదు కదా.

గుంటూరు_ఘాటు | జనవరి 21
అదే సరైన దారి. షెంగెన్ కూడా సింగిల్ ఎంట్రీ ఇచ్చినా సరిపోతుంది, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. మాలగా నుంచి నేరుగా హైదరాబాద్‌కి విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. ఒకే టికెట్ మీద, ఒక్కచోటే మారేలా చూడండి, వీల్‌చెయిర్ సాయం ముందే అడిగి పెట్టండి. ఏప్రిల్ 8కి ముందే హైదరాబాద్‌లో షెంగెన్ స్టాంపింగ్ అయిపోవాలి, అప్పటిదాకా పాస్‌పోర్ట్ వీసా సెంటర్ వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి ఫిబ్రవరి మొదటి వారం దాటనివ్వకండి. అప్లికేషన్‌తో పాటు ఒక కాగితం మీద ఈ దారి మొత్తం రాసి పెట్టండి, హైదరాబాద్, డబ్లిన్, మాలగా, హైదరాబాద్, తేదీలతో సహా. చూసే ఆఫీసర్‌కి అర్థం కావాలి.

పెసరట్టు_ప్రియ | జనవరి 22
అమ్మగారి భోజనం గురించి ఎవరూ రాయలేదని నేను వచ్చా. నేను మాద్రిద్‌లో ఉంటా, నేనూ గుడ్డు తినను, ఏటా ఒకసారి మాలగా వెళ్తా.

ముందు వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, హోటల్ వద్దు. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు, ఉడికించిన శనగల సీసాలు, కందిపప్పు కాదు కానీ ఎర్రపప్పూ మామూలు లెంటిల్సూ, టమాటాలూ వంకాయలూ అన్నీ దొరుకుతాయి. టమాటా అయితే మన నాటు టమాటా రుచి ఉంటుంది, అమ్మగారు పచ్చడి చేసేస్తారు. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, మీరు దిగేది శనివారం కాబట్టి ఆ సాయంత్రమే సరుకులు కొనేయండి.

బయట తినాలంటే "సోయ్ వెహెతారియానా" అంటే చాలదు. సలాడ్ చెప్తే పైన ట్యూనా చేప వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. కాబట్టి "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ ఆతూన్, సిన్ హమోన్, సిన్ వేవో" అని వరసగా చెప్పాలి, అంటే మాంసం, చేప, ట్యూనా, పంది తొడమాంసం, గుడ్డు ఏవీ లేకుండా అని. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది. తొర్తియా అంటే ఇక్కడ బంగాళాదుంపల ఆమ్లెట్, రొట్టె అనుకుని చెప్పొద్దు. కూరగాయల పాయెయా (బియ్యంతో చేసే వంటకం) అన్నా చాలాచోట్ల చికెన్ రసంతోనో చేప రసంతోనో వండుతారు, నేను అసలు తినను.

తినగలిగేవి చెప్తా. గస్పాచో, చల్లటి టమాటా చారు అనుకోండి. అహోబ్లాంకో మాలగా ప్రత్యేకం, బాదం, వెల్లుల్లి, రొట్టె నూరి చల్లగా ఇస్తారు, పైన ద్రాక్షపళ్ళు. పిమియెంతోస్ దె పద్రోన్, ఉప్పు చల్లి వేయించిన చిన్న మిరపకాయలు. అన్నిటికంటే అమ్మగారికి నచ్చేది బెరెన్హెనాస్ కోన్ మియెల్ దె కాన్యా. వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి పైన చెరకు పాకం పోస్తారు. అది అచ్చంగా మన బెల్లం వండేటప్పుడు దించే పాకమే, కొంచెం నల్లగా. నెర్హా పక్కన కొండమీద ఫ్రిహిలియానా అనే ఊళ్ళో ఇప్పటికీ చెరకు నుంచి దాన్ని తీస్తారు. ఒక్క జాగ్రత్త, వంకాయ వేయించే నూనెలోనే చేపలు కూడా వేయిస్తారు కొన్నిచోట్ల. "మిస్మో అసేయితే?" అని అడగండి, అదే నూనెనా అని.

టైమింగ్ కూడా చెప్పాలి. మధ్యాహ్నం భోజనం 2 నుంచి 4, రాత్రి 8.30 తర్వాతే వంట మొదలు. మధ్యలో వెళ్తే చాలాచోట్ల కాఫీ తప్ప ఏమీ ఉండదు. పాప కోసం సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చే సామానులో నెయ్యి, పాలకోవా లాంటివి ఉండొద్దు, పాల పదార్థాలూ మాంసం బయటి దేశాల నుంచి ఈయూలోకి తేవడం నిషేధం. ఆవకాయకి ఇబ్బంది లేదు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టమనండి.

లియఫీ_గోదారి | జనవరి 22
చెరకు పాకం సంగతి అమ్మకి చెప్పాను, "వంకాయ మీదా?" అని నాలుగుసార్లు అడిగింది.

ఇంకో సందేహం, స్వాతి గారిని అడగాలి. అమ్మ చీర తప్ప ఏదీ కట్టదు. అక్కడ బీచ్‌లో అందరూ ఈత బట్టల్లో ఉంటారు, కొందరు ఆడవాళ్ళు పైన కూడా ఏమీ వేసుకోరని విన్నాం. అమ్మ ఇబ్బంది పడుతుందేమోనని మా ఆవిడకి టెన్షన్.

స్వాతిచినుకు | జనవరి 22
మా అత్తయ్యగారు వారం మొత్తం నూలు చీరలతోనే ఉన్నారు. ఎవరూ వింతగా చూడలేదు, ఒక స్పానిష్ పెద్దావిడ వచ్చి అంచు పట్టుకుని చూసి "గ్వాపా" (అందంగా ఉన్నావు) అని మెచ్చుకుని వెళ్ళింది. మీరు విన్నది నిజమే, అలాంటి వాళ్ళు ఉంటారు, అక్కడ అది మామూలు. ముందే చెప్పి తీసుకెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, చెప్పకుండా తీసుకెళ్తేనే మొదటి పది నిమిషాలు అందరూ ఎటు చూడాలో తెలియక నిలబడతారు. ఊళ్ళ దగ్గర బీచ్‌లలో పిల్లలూ మనవలూ ఉన్న స్పానిష్ కుటుంబాలే ఎక్కువ. సాయంత్రం 7 తర్వాత వెళ్ళండి, ఆ నెలల్లో చీకటి పడేది పదింటికి. ఎండ దిగి ఉంటుంది, పెద్దవాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. మన ఇళ్ళ ముందు అరుగుల మీద కూర్చున్నట్టే ఉంటుంది.

అపార్ట్‌మెంట్ పూల్‌లో మాత్రం కాటన్ బట్టలతో దిగనివ్వరు. నీళ్ళలోకి దిగాలంటే పొడుగు చేతుల ఈత డ్రెస్సులు దొరుకుతాయి, మా ఆడపడుచు అదే వేసుకుంది.

వాల్తేరు_అల | జనవరి 23
ఓరుగల్లు గారి అల్‌హంబ్రా ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. చూడాల్సిందే, నేను మూడుసార్లు చూశాను. కానీ ఈ ప్రయాణంలో వద్దంటాను. అది కొండమీద కోట, లోపలే మూడు గంటల నడక, ఎత్తుపల్లాలు. కోట లోపలుండే నస్రీద్ ప్యాలెస్‌లకి టికెట్ మీద టైమ్ రాసి ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు, పాస్‌పోర్ట్ వివరాలతో పేరు మీదే ఇస్తారు, వారాల ముందే అయిపోతాయి. జూలైలో గ్రనాదా ఎండ మంట. మోకాళ్ళ నొప్పి మనిషిని టైమ్‌కి పరిగెత్తించడం న్యాయం కాదు.

బదులు మాలగాలోనే అల్కసాబా ఉంది, 11వ శతాబ్దపు ముస్లిం రాజుల కోట. చిన్న అల్‌హంబ్రా అనుకోండి, నీటి కాలవలు, తోటలు, వంపు ద్వారాలు. దీనికి వెనకవైపు లిఫ్ట్ ఉంది! సిటీ హాల్ వెనక వీధిలోంచి. లోపల కొన్ని చోట్ల రాళ్ళు పరిచిన ఏటవాలు ఉంటుంది, నాన్నగారు ఓపిక ఉన్నంతవరకూ చూసి తోటలో కూర్చోవచ్చు. కోట కింద రోమన్ రంగస్థలం, 1951లో బయటపడింది. అక్కడి నుంచి ఐదు నిమిషాలు నడిస్తే పికాసో పుట్టిన ఇల్లు, మెర్సెద్ కూడలిలో. మధ్యలో కాఫీ తాగండి. మాలగాలో కాఫీకి పాలు ఎంత కలిపారో దాన్నిబట్టి పేర్లు, సగం సగం అయితే మితాద్, పాలు ఎక్కువైతే సోంబ్రా అంటే నీడ, పాలలో కాఫీ చుక్క వేసినట్టుంటే నూబె అంటే మేఘం. అమ్మగారికి నూబె చెప్పండి, మన పాల కాఫీకి దగ్గర.

నాన్నగారు చేపలు తింటారన్నారు కదా, ఇక ఆయన సంగతి నాకు వదిలేయండి. ఒడ్డున ఇసుక నింపిన పాత పడవలు కనిపిస్తాయి, వాటిలో ఆలివ్ కట్టెలు కాలుస్తారు. ఆరు సార్డీన్లు, మన వైపు కవళ్ళు అంటామే అవి, వెన్నుముల్లు కిందుగా ఒక రెల్లుపుల్లకి గుచ్చి, పుల్లని ఇసుకలో నిప్పు పక్కన నిలబెడతారు. నిప్పు మీద కాదు, పక్కన. గాలి ఎటు వీస్తే దాన్నిబట్టి కాల్చే అతను పుల్ల జరుపుతుంటాడు, పొగ చేపకి తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. మసాలా లేదు, గళ్ళ ఉప్పు అంతే. ఎస్పెతో అంటారు. మే నుంచి ఆగస్టు దాకా సార్డీన్ కొవ్వు పట్టి ఉంటుంది, మీరు వెళ్ళేది సరిగ్గా ఆ రోజుల్లో. చేత్తోనే తినాలి, అక్కడివాళ్ళూ చేత్తోనే తింటారు.

ఓరుగల్లు_బిడ్డ | జనవరి 23
సరే, లిఫ్ట్ ఉన్న కోట గెలిచింది. పాప కోసం రెండు ముచ్చట్లు. రబ్బరు చెప్పులు కొను, నీళ్ళలో వేసుకునేవి, ఆ గులకరాళ్ళ మీద ఒట్టి కాళ్ళతో పిల్లలు ఏడుస్తరు. జెండాలు చూడు, పచ్చ ఉంటే దిగొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎర్రది ఉంటే కాలు కూడా పెట్టొద్దు. జెల్లీఫిష్ బొమ్మ ఉన్న జెండా కూడా ఉంటది. మా బాబుకి కుట్టింది ఒకసారి. మంచినీళ్ళతో కడగబోతే లైఫ్‌గార్డ్ చెయ్యి పట్టుకుని ఆపిండు, సముద్రపు నీళ్ళతోనే కడగాలంట, రుద్దొద్దంట, మంచినీళ్ళు పడితే ఇంకా మండుతదంట.

లియఫీ_గోదారి | ఫిబ్రవరి 27
అప్‌డేట్. అమ్మానాన్నల షెంగెన్ వచ్చింది! లోస్ బొలిచెస్‌లో లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్, గుమ్మం నుంచి ఇసుకకి ఒక్క మెట్టు లేదు, వీధి ఫోటోల్లో వేలితో నడిచి చూసుకున్నా. వాల్తేరు గారు మెసేజ్‌లో చెప్పినట్టు లిస్టింగ్‌లో వీఎఫ్‌టీ/ఎంఏ రిజిస్ట్రేషన్ నంబర్ (టూరిస్టులకి అద్దెకిచ్చే ఇళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చేది) ఉందో లేదో చూసే డబ్బు కట్టాను. మాలగా నుంచి హైదరాబాద్ టికెట్ కూడా మార్చేశాం.

లియఫీ_గోదారి | జూలై 7
నిన్ననే కాస్త తీరిక దొరికింది. వారం అయిపోయిందండీ.

ఎయిర్‌పోర్ట్‌లో క్యూ పెద్దది, ఇప్పుడు కొత్త పద్ధతిలో ఫోటోలు అవీ తీస్తున్నారు కదా, గంటన్నర పట్టింది. నాన్నకి వీల్‌చెయిర్ అడిగి పెట్టడం మంచిదైంది. అక్కడి నుంచి రైలు, రైలు నుంచి ఇల్లు, ఎక్కడా ఇబ్బంది పడలేదు.

నీళ్ళు చల్లగానే ఉన్నాయి. పాప మొదటి రోజు మోకాళ్ళ దాకా వెళ్ళి పరిగెత్తుకొచ్చేసింది, మూడో రోజు నుంచి బయటికి రమ్మంటే ఏడుపు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని దాని వెనకే నిలబడింది, అల వచ్చినప్పుడల్లా ఇద్దరూ చేతులు పట్టుకుని గెంతడం. మా అమ్మ గెంతగా నేను ఎప్పుడూ చూడలేదు.

నాన్న రోజూ ఉదయం ఏడింటికి ఒక్కరే ఒడ్డు వెంట నడిచి వెళ్ళి ఫ్వెన్హిరోలా చివరున్న కోట దాకా చూసి వచ్చేవారు, బెంచీల మీద ఆగుతూ. ఆ కోట పేరు సొహైల్. సుహైల్ అంటే అరబ్బీలో ఒక నక్షత్రం పేరని బోర్డు చూసి ఫోన్‌లో వెతికించారు, తీరా చూస్తే అది మన అగస్త్య నక్షత్రం. ఆ రోజంతా ఆ కబురే. హైదరాబాద్ చేరాక కూడా తమ్ముడికి మొదట చెప్పింది అదేనట.

ఎస్పెతో మూడుసార్లు తిన్నారు. రెండోసారి ఆ చేపలు కాల్చే అతని పక్కన నిలబడి చూశారు, ఇద్దరికీ భాష రాదు, అతను పుల్ల తిప్పి చూపించడం, ఈయన తలూపడం. "పులస పులసే గానీ, ఇది కూడా చేపేరా" అన్నారు, గోదారి మనిషి అంతకంటే ఒప్పుకోరు. అమ్మకి వంకాయ నచ్చింది. ఫ్రిహిలియానా వెళ్ళలేదు కానీ సూపర్‌మార్కెట్‌లో ఆ పాకం సీసాలు రెండు దొరికితే కొని సూట్‌కేస్‌లో చీరల మధ్య చుట్టింది.

మాలగా ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళని పంపేటప్పుడు కష్టంగా అనిపించింది. పాప వాళ్ళ తాతయ్య చొక్కా జేబులో ఏరిన గులకరాళ్ళు అన్నీ పోసేసింది. సెక్యూరిటీలో తీసి ట్రేలో పెట్టి, మళ్ళీ అన్నీ లెక్కపెట్టి జేబులో వేసుకున్నారు, అద్దంలోంచి చూస్తూనే ఉన్నాం.

స్వాతిచినుకు | జూలై 7
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మేము మామయ్యగారిని వచ్చే సెప్టెంబర్‌లో మళ్ళీ తీసుకెళ్దామనుకుంటున్నాం, ఈసారి ఆ లోస్ బొలిచెస్‌కే. మీ అపార్ట్‌మెంట్ వీధి పేరు మెసేజ్ చేస్తారా? వాల్తేరు గారూ, సెప్టెంబర్‌లో నీళ్ళు ఎలా ఉంటాయి?

వాల్తేరు_అల | జూలై 8
జూన్ కంటే వెచ్చగా ఉంటాయి, వేసవంతా కాగిన నీళ్ళు కదా. రద్దీ తగ్గుతుంది. ఆగస్టు మధ్యలో మాలగా ఫెరియా, అంటే ఊరి జాతర, జరుగుతుంది, అప్పుడు గదులు దొరకవు, మీరు దాని తర్వాతే వెళ్తున్నారు. ఇంకో సంగతి, సెప్టెంబర్‌లో అక్కడ మామిడిపళ్ళ కాలం మొదలు. నిజంగా, మాలగాకి తూర్పున వేలెస్ వైపు కొండల మీద మామిడి తోటలున్నాయి, చెట్టుమీద పండినవి మార్కెట్‌కి వస్తాయి. మన బంగినపల్లి కాదు, పీచు తక్కువ, తీపి బాగుంటుంది. అతారసానాస్ మార్కెట్‌లో పొద్దున్నే వెళ్ళి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తీసుకోండి.

స్వాతిచినుకు | జూలై 8
మామయ్యగారికి ఇప్పుడే చెప్పాను. సెప్టెంబర్ ఎన్నో తారీఖు అని అడుగుతున్నారు.